గడప దాటలేని కుక్కకు కాలక్షేపము



వేసవి ముదిరిన తరువాత గవర్నర్‌పేట మధ్యాహ్నములు ఎట్లుండునో ఆ పేటవారికి మేము చెప్పనక్కరలేదు. బీసెంటు రోడ్డున రద్దీ పలుచబడును. ఏలూరు రోడ్డున తారు కాగి సెగలు గ్రక్కును. ఇండ్లలో వీధితలుపులు మూతపడును; పెద్దలు పంకాక్రింద నడుము వాల్చుదురు. ఇంటిల్లిపాదిలోను ఆ వేళ నిద్రపట్టక తిరుగాడునది ఆ ఇంటి పెంపుడు కుక్క ఒక్కటే. అది వీధితలుపును గోళ్ళతో గీరును. కిటికీ కమ్ములలోనుండి చూచి మొరుగును. ఏమియు తోచక చెప్పులగూటిని చేరును. ఇంటివారు లేచి చూచునప్పటికి ఒక చెప్పు రెండు తునకలై యుండును. కుక్కకు నాలుగు దెబ్బలు తగులును. ఎందుకు తగిలినవో దానికి తెలియదు. మరునాడు ఇంకొక చెప్పునకు అదే గతి పట్టును.

ఇట్టి సందర్భమున మనవారికి వెంటనే జ్ఞప్తికి వచ్చు సామెత 'కుక్క తోక వంకర' అనునది. ఈ ప్రసంగమున మేము మనవి చేయదలచినది అందుకు భిన్నమైన మాట. ఆ కుక్క స్వభావమున వంకర ఏమియు లేదు. దానికి పని లేదు, అంతే. ఇంట కట్టుబడిన కుక్కకు కావలసినది దండన కాదు, పని. కాళ్ళకు పని లేని దినమున ముక్కునకును, పండ్లకును, బుద్ధికిని పని కల్పింపగలిగినచో, చిన్న వాటాలో సైతము అది సుఖముగ ఉండగలదు.

మన కృష్ణా మండలపు పల్లెలలో పూర్వము కుక్కకు కాలక్షేపము కల్పింపవలసిన ఆవశ్యకమే లేకుండెను. తెల్లవారుజామున రైతు వెంట పొలమునకు పోవును. కళ్ళమువద్ద కావలి కాయును. గడ్డివామిక్రింద ఎలుకను పసిగట్టి తరుమును. ఎండ ముదిరినపుడు దొడ్డిలో చింతచెట్టు నీడన గుంట త్రవ్వుకొని పరుండును. దాని దినచర్యను అదియే దిద్దుకొనెడిది. పట్టణమున మూడవ అంతస్తులో కాపురముండు సీమకుక్కకు గాని, బొచ్చుకుక్కకు గాని, వీధినుండి తెచ్చి పెంచుకొన్న నాటుకుక్కకు గాని ఆ స్వేచ్ఛ లేదు. ఎప్పుడు తినవలెనో, ఎప్పుడు బయటికి పోవలెనో, ఎవరితో ఆడవలెనో అన్నియు మనమే నిర్ణయించుచున్నాము. అట్లు నిర్ణయించువారిమీద బాధ్యతయు ఉండును గదా.

ఈ బాధ్యతను మన దేశపు చట్టము కూడ గుర్తించినది. 1952లో రాజ్యసభకు నామినేటు చేయబడిన రుక్మిణీదేవి అరండేల్ మూగజీవుల పక్షమున ఒక బిల్లును సభ ముందుంచిరి. ఆమె కృషి ఫలితముగ 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడెను. కొట్టుట, బాధించుట మాత్రమే హింస యని ఆ చట్టము తలపలేదు. అలవాటుగ గొలుసున కట్టివేయబడిన కుక్కకు గాని, ఇరుకుచోట ఉంచబడిన కుక్కకు గాని తగినంత వ్యాయామము కలుగజేయక ఉపేక్షించుట కూడ హింసయే యని దాని 11వ విభాగము చెప్పుచున్నది. మేడమీద నీళ్ళతొట్టి ప్రక్కన మూరెడు గొలుసుతో కుక్కను కట్టి, రెండు పూటల అన్నము పెట్టితిమి గదా యని తృప్తిపడువారు ఈ మాటను గమనింపవలెను.

కాని వ్యాయామమునకై బయటికి తీసికొనిపోరాని దినములు నిజముగనే వచ్చును. వానిలో మొదటివి మన ఎండలు. మే నెలలో విజయవాడయందు ఎండ 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట సామాన్యము. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. పాదముల అడుగున కొద్దిగ చెమర్చును. తక్కిన వేడి ముఖ్యముగ రొప్పుట వలననే పోవలెను. నాలుకమీదను, నోటిలోను, ముక్కులోను ఉన్న తడి ఆవిరియై పోవునపుడు దాని దేహము చల్లబడును. గాలిలో తేమ హెచ్చుగ ఉన్న దినములలో ఆ తడి సులభముగ ఆవిరి కాదు. కనుకనే మనకు ఉక్కగా తోచు దినము కుక్కకు అపాయకరమైన దినము కావచ్చును. పగ్గువంటి చప్పిడిముక్కు జాతులకు ఈ అపాయము మరింత ఎక్కువ. కుక్కను రోడ్డుమీదికి తీసికొనిపోవుటకు ముందు మీ అరచేతి వెనుక భాగమును నేలకు ఆనించి అయిదారు సెకనులు ఉంచి చూడుడు. మీరు ఓర్వలేని వేడిని దాని పాదములును ఓర్వలేవు.

ఎండల తరువాత వానలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగరు, పాయకాపురము మున్నగు ప్రాంతములను ముంచివైచినది. మరునాడు ప్రకాశం బారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించినది. ఆ దినములలో పై అంతస్తులకు ఎక్కి, దిగుటకు వీలులేక మనుష్యులే చిక్కుపడినారు. ఇక పెంపుడు జంతువుల సంగతి చెప్పనేల? వరద తీసిన తరువాత కూడ నిలిచిన నీటిలోనికి కుక్కను దింపుట మంచిది కాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను వ్యాధి కుక్కలకును, మనుష్యులకును సోకును. అంతకుముందు 2020 మార్చి 25న మొదలైన దేశవ్యాప్త నిర్బంధమున నాలుగు గోడల నడుమ ఉండుట ఎట్టిదో మనకే అనుభవమునకు వచ్చినది. ఆనాడు మనకు పుస్తకములు, పాటలు, దూరవాణి సంభాషణలు తోడుపడినవి. కుక్కకు వానికి మారుగ ఏమున్నవి?

దానికి ముక్కు ఉన్నది. మనుష్యుని ముక్కులో వాసనను గ్రహించు కణములు సుమారు 50, 60 లక్షలు కాగా, కుక్క ముక్కులో అవి జాతిని బట్టి 10 కోట్లు మొదలు 30 కోట్ల వరకు ఉండునని శాస్త్రజ్ఞులు లెక్కవేసినారు. మనము వీధిని కన్నులతో చూచునట్లు కుక్క వీధిని ముక్కుతో చదువును. స్తంభమువద్ద అది ఆగి మూరుకొనుచున్నపుడు మనము త్రాడుపట్టి లాగుట, ఒకరు పత్రిక చదువుచుండగా లాగివేయుటవంటిది. డ్యూరాంటన్, హోరోవిట్జ్ అను ఇరువురు పరిశోధకురాండ్రు 2019లో ఒక పరిశీలనను ప్రకటించిరి. కొన్ని పెంపుడు కుక్కలకు రెండు వారములపాటు వాసనపట్టి తిండిని వెదకు అభ్యాసము చేయించిరి. మరికొన్నింటికి యజమాని ప్రక్కన క్రమముగ నడచు అభ్యాసము చేయించిరి. తరువాత, తిండి ఉన్నదో లేదో తెలియని గిన్నెను ముందుంచగా, వాసనపట్టిన కుక్కలు మునుపటికంటె వేగముగ, ఆశతో దానివద్దకు పోయినవి. రెండవ తరగతి కుక్కలలో అట్టి మార్పు కనిపింపలేదు. ముక్కును స్వేచ్ఛగ ఉపయోగించుకొనుట కుక్క మనఃస్థితికే మేలు చేయునని దీనివలన తేలుచున్నది.

ఇక ఈ సూత్రమును మన ఇంటిలో అమలుజరుపుట ఎట్లు? ఇందులకు ధనవ్యయము అక్కరలేదు. ముందుగా ఒక నియమము. ఆటలో పెట్టు తిండిని కుక్క దినభోజనమునుండియే తీయవలెను. అదనముగ పెట్టినచో, నడక లేని దినములలో ఒడలు పెరుగును. మాంసాహారుల ఇండ్లలో ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసపు తునకలు, శాకాహారుల ఇండ్లలో ఉడికిన చిలగడదుంప, క్యారెట్టు, పనీరు తునకలు ఇందులకు పనికివచ్చును.

మొదటి దినమున కుక్క చూచుచుండగనే నాలుగు తునకలను గదిలో నాలుగు మూలల ఉంచి 'వెదుకు' అనుడు. అది తిన్నపిమ్మట మరల ఉంచుడు. రెండు మూడు దినములలో దానికి ఆ మాట బోధపడును. అటుపై కుక్కను ప్రక్కగదిలో ఉంచి, తునకలను పీటక్రింద, చాపమడతలో, తలుపుచాటున దాచి పిలువుడు. ఇది నేర్చిన తరువాత ఒక పాత తువ్వాలును పరచి, మడతమడతకు ఒక తునకనుంచి చాపవలె చుట్టి ఇండు. మూతి తోడను, కాళ్ళ తోడను ఆ చుట్టను విప్పుటకు అది పడు శ్రమ చూచువారికి వినోదము. దానికి పూర్తి పని. ఇంకొక దినము అట్టపెట్టెలో పాత వార్తాపత్రికలను ఉండలుగ చేసి నింపి, వాని నడుమ తునకలు వేయవచ్చును. పెట్టెకున్న ఇనుప పిన్నులను, అంటుకాగితమును ముందే తీసివేయవలెను. కాగితమును చించుట తప్పు కాదని ఆ పెట్టె విషయమున అనుమతించినచో, చెప్పులమీద దాని ఆసక్తి చాలవరకు తగ్గును.

వంటింటిలోని మూడు చిన్న గిన్నెలను బోర్లించి, ఒకదానిక్రింద తునకనుంచి, గిన్నెలను అటునిటు జరిపి కనుగొనుమనుట మరియొక ఆట. పిల్లలున్న ఇండ్లలో దాగుడుమూతలు అన్నిటికంటె ఉత్తమము. ఒక పిల్లవాడు కుక్కను పట్టుకొనును; ఇంకొకడు తలుపుచాటున దాగి ఒక్కమారు పేరు పెట్టి పిలుచును. కుక్క వాసనపట్టి వచ్చి కనుగొనగనే మెచ్చుకొనవలెను. ఈ ఆటవలన, పిలిచినపుడు వచ్చుట అను గొప్ప విద్య కుక్కకు తెలియకుండగనే అలవడును.

ముక్కు తరువాత పండ్లు, నాలుక. కొరుకుట, నాకుట కుక్క మనస్సును నెమ్మదింపజేయును. పళ్ళెముమీద పెరుగన్నమును పలుచగ పూసి ఇచ్చినచో, గిన్నెలో క్షణములో మ్రింగివేయు అన్నమునకు కొంత కాలము పట్టును. ఉప్పు వేయని పలుచని మజ్జిగను చిన్న గిన్నెలో పోసి రిఫ్రిజిరేటరులో గడ్డకట్టించి ఎండవేళ ఇయ్యవచ్చును. పాలు, పెరుగు సరిపడని కుక్కలకు మజ్జిగకు బదులు ఉప్పులేని కోడిమాంసపు కట్టు వాడదగును. పాత నూలుచీరను జడగ అల్లి ముడివేసినచో లాగులాటకు చక్కని త్రాడగును. అయితే పోగులు ఊడి వచ్చుచున్నపుడు దానిని పారవేయవలెను. మ్రింగిన దారము ప్రేవులకు ప్రమాదము.

ఇచ్చట కొన్ని హెచ్చరికలు అవసరము. మన ప్రాంతమున వేసవి యనగా మామిడికాలము. నూజివీడు రసము తిని మనము పారవేసిన టెంక కుక్కకు మిక్కిలి ప్రీతి. దానిని మ్రింగినచో ప్రేవులలో అడ్డుపడి, శస్త్రచికిత్స చేయవలసిన స్థితి రావచ్చును. టెంకలను మూతగల బుట్టలోనే వేయుడు. ఉడికిన ఎముకలు చీలి గ్రుచ్చుకొనును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు కుక్కకు విషప్రాయములు. పంచదారకు బదులు జైలిటాల్ వాడిన తీపి పదార్థములు మరింత ప్రమాదకరములు. నోటిలో పూర్తిగ ఇమిడిపోవు చిన్న బంతులు గొంతున అడ్డుపడవచ్చును. కొత్త ఆటవస్తువును ఇచ్చిన మొదటి దినములలో కుక్కను ఒంటరిగ విడువరాదు.

మూడవది బుద్ధికి పని. అమెరికాలోని దక్షిణ కరోలినాలో జాన్ పిల్లీ అను విశ్రాంత ఆచార్యుడు తన చేజర్ అను కుక్కకు మూడు సంవత్సరములపాటు ఓపికతో నేర్పి, 1,022 ఆటవస్తువుల పేర్లను గుర్తించునట్లు చేసినట్లు 2011లో ప్రకటితమైనది. మన కుక్క నాలుగు పేర్లు నేర్చినను మేలే. 'కూర్చో', 'ఆగు', 'రా', 'చాపమీదికి పో' – ఇట్టి మాటలను రోజునకు రెండు మూడు మారులు, మారునకు అయిదు నిమిషములకు మించక నేర్పవలెను. అది సరిగా చేసిన క్షణముననే తునక ఇయ్యవలెను. చేయనిచో ఊరకుండవలెను, కొట్టరాదు. ఇంటిలో అందరును ఒకే మాట వాడుట ముఖ్యము. తాతగారు 'కూర్చోరా' అనియు, మనుమరాలు 'సిట్' అనియు, కోడలు 'కిందకి దిగు' అనియు ఒకేమారు ఆజ్ఞాపించినచో ఎంతటి బుద్ధిమంతుడును తికమకపడును.

వ్యాధివలనను, ఎముక విరుగుట వలనను, శస్త్రచికిత్స వలనను కదలరాదని వైద్యుడు ఆజ్ఞాపించిన కుక్క సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. దానికి లాగులాట, దాగుడుమూతలు పనికిరావు. మెట్లు ఎక్కుట, మంచముమీదనుండి దూకుట అసలే కూడదు. పరుండిన చోటనే నాకదగిన పళ్ళెమును, మూరుకొనదగిన తువ్వాలు చుట్టను దాని మూతివద్ద ఉంచవలెను. బయటి లోకమును దానివద్దకు తీసికొనిరావచ్చును: తోటనుండి ఒక ఎండుటాకుల పిడికిలి, కాలువగట్టునుండి ఒక రాయి, బంధువుల ఇంటినుండి వచ్చిన గుడ్డసంచి, వీనిని మూరుకొనుటయే దానికి ఊరు తిరిగివచ్చినట్లగును. ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. గన్నవరమున పశువైద్య కళాశాల ఉండుట ఈ ప్రాంతమువారికి ఒక సౌకర్యము.

జబ్బుకుక్కకు సేవచేయుట ఈనాటి పట్టణవాసుల విలాసమని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. జర్మనీలో బాన్ నగరముచెంత ఒబెర్‌కాసెల్ అనుచోట 1914లో ఒక పురాతన సమాధి బయల్పడినది. అందు ఒక పురుషుని, ఒక స్త్రీ అస్థికలతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలును దొరకినవి. అవి సుమారు 14 వేల సంవత్సరముల నాటివి. ఆ పిల్ల పండ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, దానికి డిస్టెంపరు వంటి తీవ్రవ్యాధి సోకియుండవలెననియు, మనుష్యులు వారములతరబడి పోషించి ఉండనిచో అది అంతకాలము బ్రతికియుండదనియు 2018లో ప్రకటించిరి. ఆనాటి మనుష్యునికి ఆ కుక్కపిల్ల వలన ఏ ఉపయోగమును లేదు. అయినను సాకినాడు. మన సంబంధము అంత ప్రాచీనమైనది.

దీపావళి దినములు మరియొక రకపు నిర్బంధము. మన చెవి సుమారు 20 వేల హెర్ట్జుల వరకే వినగా, కుక్క చెవి 45 వేల వరకు వినగలదు. ఇరుకువీధులలో టపాకాయ ప్రేలినపుడు అది మంచముక్రిందికి దూరుట పిరికితనము కాదు. ఆ సాయంకాలము చీకటిపడకముందే దానిని నడిపించి తెచ్చి, లోపలిగదిలో తెరలు దించి, పంకా వేసి, వెదకుటకు తునకలు చల్లి, ఇంటివారొకరు తోడుండుట మంచిది.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. కుక్కకు రేడియో తోడుగ ఉండునా అని అడుగువారు కలరు. బెల్‌ఫాస్టునగరపు క్వీన్స్ విశ్వవిద్యాలయమున డెబొరా వెల్స్, ఆమె సహచరులు ఆశ్రయశాలలోని కుక్కలకు వివిధ శబ్దములు వినిపించి, ఫలితములను 2002లో ప్రకటించిరి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము వినునపుడు అవి ఎక్కువసేపు విశ్రమించినవి. హెవీ మెటల్ అను గందరగోళ సంగీతమునకు ఎక్కువగ మొరిగినవి. మనుష్యుల సంభాషణ మాత్రము వాని నడవడిలో చెప్పుకోదగిన మార్పు తేలేదట! కావున మా ప్రసంగములవలన శునకజాతి బాగుపడునని మేము హామీ ఇయ్యజాలము. 2017లో స్కాట్లండునుండి వెలువడిన మరియొక పరిశీలన ప్రకారము, ఒకే సంగీతమును దినదినము వినిపించినచో దాని ప్రభావము సన్నగిల్లును, మార్చిమార్చి వినిపింపవలెను. వీణయో, వేణువో తక్కువ శబ్దమున పెట్టి మీ కుక్క పరుండునో లేచిపోవునో మీరే పరీక్షింపుడు.

ఇంతవరకు చెప్పిన ఆటలన్నియు ఒకే దినమున ఆడించుట మా అభిప్రాయము కాదు. పెద్ద కుక్క దినమున చాలసేపు నిద్రించును. ఆ నిద్రను చెడగొట్టరాదు. వేసవిలో తెల్లవారి ఎండ పొడసూపకముందే ఒక నడక, రాగానే ఉదయపు తిండిని వెదకించుట, ఎండవేళ ఒక నాకుడు పళ్ళెము, సాయంకాలము అయిదు నిమిషముల పాఠము, నేల చల్లారిన తరువాత మరల ఒక నడక, ఇంతమాత్రము చాలును. ఇంటిలోపలి ఆటలైనను చల్లనిచోట ఆడింపుడు. ఆగని రొప్పుడు, చిక్కని చొంగ, తూలుట కనిపించినచో అది వడదెబ్బ కావచ్చును. వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల చల్లని నీటితో తడిపి, పంకా గాలి తగులనిచ్చి, ఆలసింపక వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

ఇదంతయు కుక్క వినోదమునకేనా యని మీరు అడుగవచ్చును. కాదు. పని లేని కుక్క మొరుగును; ప్రక్కవాటావారు ఇంటియజమానికి ఫిర్యాదు చేయుదురు; ఇంటియజమాని కుక్కయో, కాపురమో తేల్చుకొనుడనును. అప్పుడొక రాత్రి ఆ కుక్కను ఏ కాలువగట్టుననో, ఏ ఊరి పొలిమేరలోనో విడిచివచ్చుట జరుగును. ఇంట పెరిగిన కుక్కకు వీధిలో బ్రతుకుట తెలియదు. ఇతర కుక్కలు దానిని చేరనీయవు. వాహనములనుండి తప్పించుకొనుట చేతకాదు. పిలిచిన ప్రతివారి వెంటను పోవును. తగిన కారణము లేకుండ జంతువును ఆకలిదప్పుల పాలగునట్లు విడిచిపెట్టుట కూడ 1960 నాటి చట్టము దృష్టిలో హింసయే. అట్టి అనర్థము ఒక చెప్పుతో మొదలగుచున్నది. దానిని ఒక పాత తువ్వాలుతో, రోజునకు అరగంట ఓపికతో చాలవరకు ఆపవచ్చును.

కుక్క మనలను కోరునది పెద్ద భవనము కాదు, ఖరీదైన వస్తువు కాదు. ఈ దినమున చేయుటకు తనకొక పని, చేసినపుడు మెచ్చుకొనుటకు తనవారొకరు. ఈ రెండును గవర్నర్‌పేటలోని అతిచిన్న వాటాలో సైతము ఇముడును.